నాలుగు తాళ్ల డేరా

మా తమ్ముడు చిన్నబ్బాయి గౌతమిలో పోయిన రోజు ఆశ్వయుజ బహుళ ద్వాదశి, మంగళవారం. తెల్లవారినప్పటి నుంచీ తూర్పుగాలి. ఆకాశం మసిపట్టిన రాగి అండాలా ఉంది. కొబ్బరి మొవ్వుల్లో ఉండే కాకులు దిగివచ్చి అరుగు మీద కూర్చున్నాయి, తరిమినా పోలేదు. నేను బడికి సెలవిచ్చి, తాటాకు ముక్క మీద గంటంతో మూడు వరుసలు రాసి, పాలపడవ వాడి చేత, లంకలో డేరాల పనిలో ఉన్న వాడికి పంపాను. గాలివాన వచ్చేలా ఉంది. డేరా తాళ్లు బిగించి కట్టు. గాలి పెరిగేకొద్దీ ఇంకా బిగించు. అంతే రాశాను. ఆకు వాడి చేతికే ఇచ్చానని పడవవాడు తర్వాత చెప్పాడు. మధ్యాహ్నానికి డేరా కూలింది. డేరాతో పాటు వాడూ ఏట్లోకి పోయాడు. ఈ పదిహేను రోజులూ నేను ఇంత అన్నం తింటున్నానంటే ఆ మూడు వరుసల వల్లే. చెప్పవలసింది చెప్పాను, వేళకు చెప్పాను, వాడికి అందింది. మిగతా పని చేసినవాడు వేరే ఉన్నాడు.

అతను ఇప్పుడు నాకు పది అడుగుల దూరంలో ఒక డేరా గుడ్డ దులుపుతున్నాడు. పేరు సింహాద్రి. కాలవ కొలతలు తీసే దొర దగ్గర డేరాలు వేసే కళాసీలకు పెద్ద, తండేలు అంటారు. ఒంటిచేత్తోనే దులుపుతున్నాడు. ఎడమచేతికి వెదురు దబ్బలు వేసి కట్టి, ఆ చేతిని మెడకు వేలాడదీశారు. నేను సామాన్ల కొట్టు ముందు తాటాకు పందిరి కింద నిలబడి ఉన్నాను. ముసురు పడుతోంది, పందిరి చూరు నుంచి చుక్కలు నా భుజం మీద ఒకేచోట పడుతున్నాయి, జరగబుద్ధి కావడం లేదు. కార్తీకంలో ఇంత చలి నేనెరగను. చంకలో మూట ఉంది. మూటలో అటుకులు, బెల్లం, రెండు దుప్పట్లు, దుప్పట్ల మధ్యన బొండాలు కొట్టే కత్తి. నిన్న సాయంత్రం దాన్ని సానరాయి మీద చాలాసేపు నూరాను. లంకలో మూడు రోజులు మేమిద్దరమే ఉంటాము. ఆ మూడు రోజుల్లో ఇతన్ని చంపుతాను. ఈ వాక్యాన్ని మనసులో చాలాసార్లు రాసి చూసుకున్నాను. ఎక్కడా దిద్దవలసింది కనపడలేదు.

నీళ్లు తీశాక లంక తోకన ఇసుకలోంచి డేరా గుడ్డ కొస ఒకటి పైకి వచ్చిందని చేపలవాళ్లు చూసి చెప్పారు. గుడ్డ ఉన్నచోట మనిషీ ఉంటాడు. తవ్వడానికి ఊళ్లో ఎవరూ రామన్నారు. అలా పోయినవాడి దగ్గరికి పోతే మంచిది కాదంటారు. కాలవ కూలీలు గాలివానకే ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. ఆ ఇసుక తడి ఇసుక, తవ్విందల్లా మళ్లీ పూడుతుంది, ఒక్క పూటలో అయ్యే పని కాదు. పడవ మమ్మల్ని దింపేసి పోతుంది, నాలుగో రోజు వస్తుంది. లంకలో పాక లేదు, చెట్టు లేదు, ఉన్న రెల్లంతా వరద పడుకోబెట్టేసింది. డేరా లేకపోతే ఈ ముసురులో మొదటి రాత్రికే ఒళ్లు కొయ్యబారిపోతుంది. దొర మనసు మంచిదే, కొట్టులో ఏ డేరా కావాలంటే అది తీసుకోమన్నాడు, దారి చూపడానికి తండేలును వెంటబెట్టుకు పొమ్మన్నాడు. ఆ మాట విన్నప్పుడు నేను నేలచూపు చూశాను. నా మొహంలో ఏం కనిపిస్తుందో నాకే తెలియదు.

పడవ దిగాక మోకాలిలోతు నీళ్లలో పావుక్రోసు నడవాలి. అదీ లెక్క. మోసేది నలభై ఆరేళ్ల బడిపంతులు, ఒంటిచెయ్యి తండేలు. బరువైన డేరా ఎంత వెచ్చగా ఉంటేనేం, అది కొట్టు దాటదు. కనకరత్నం పొద్దున నా మూట కడుతూ చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది. ఆమె చిన్నబ్బాయి భార్య, పెళ్లయి నాలుగేళ్లు. పదిహేను రోజులుగా ఆడవాళ్లు వచ్చి ఆమె చేతుల వైపు చూసి పోతున్నారు. "బావగారూ, నా కళ్లతో చూడందే నేను గాజులు తియ్యనండి. ఏదుంటే అదే తీసుకురండి. వేలుంటే వేలు." అలా అంది, అటుకులు మూట కడుతూ. ఏడవలేదు. కత్తి పెట్టడం చూసింది. తవ్వడానికి పనికొస్తుందనుకుని ఉంటుంది, లేదా అనుకోలేదు. ముడి మాత్రం తనే వేసింది.

కొట్టుకు కాపలాదారు బంగారయ్య. నోరు ఊరుకోదు. మొదట పెద్ద డేరా చూపించాడు, దొర పడుకునేది, గుడ్డ మీద గుడ్డ, రెండింటి మధ్యా జానెడు సందు, చుట్టూ గోడల్లా కనాతులు. "ఇది పట్టుకెళ్లండి పంతులుగారూ. లోపల పెళ్లి చెయ్యొచ్చు," అన్నాడు, అనేసి నాలుక కరుచుకున్నాడు. సింహాద్రి తల ఎత్తకుండా, "అది వద్దండి," అన్నాడు. "పొడిగా ఉంటే నలుగురు మొయ్యాలి. తడిసిందంటే ఎడ్లు కావాలి." అతని గొంతు నేను ఇంత దగ్గరగా వినడం ఇది రెండోసారి. మొదటిసారి రేవులో విన్నాను, అప్పుడు మాట కాదు, అరుపు.

అది చిన్నబ్బాయి పోయిన మూడు రోజులకు. శుక్రవారం. దొర సామాను తెచ్చిన పడవలోంచి ఇతను దిగాడు. నడుముకు కత్తి ఉంది. ఆ కత్తితోనే ఇతను చివరి తాడు కోశాడని, తాడు కోశాకే డేరా లేచి మనిషితో సహా ఏట్లో పడిందని, బతికొచ్చిన ముగ్గురూ అప్పటికే చెప్పి ఉన్నారు. రేవు నిండా జనం. అందరూ నా వైపు చూశారు, నన్ను అడగకుండా ఈ ఊళ్లో ఎవరూ ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యరు, వాళ్ల పిల్లలకు అక్షరం నేనే నేర్పాను, నా మాట మీద వాళ్లకు అంత గురి. నేను వేలు చూపించి ఒకే మాట అన్నాను. "ఇతనే." ఇంకో మాట అనలేదు, అనక్కర్లేకపోయింది. ఊరిపెద్ద సుబ్బరాజుగారు పడవవాడి చేతిలోంచి గెడ లాక్కుని మొదటి దెబ్బ వేశారు. సింహాద్రి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని ఏదో చెప్పబోయాడు. "అయ్యా, నేను..." అన్నదొకటే వినపడింది. ఎవరో కడుపులో తన్నారు. బురదలో పడ్డాడు. పడ్డాక గెడ మళ్లీ దిగింది, ఎడమచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినపడింది, పచ్చి మట్ట విరిస్తే వచ్చేది కాదు, ఎండుమట్ట చప్పుడు. రక్తం నోట్లోంచి, చెవిలోంచి. ఒక ముసలామె చీపురుతో కొట్టింది. నేను మెట్టు మీదే నిలబడి చూశాను. చాలనిపించలేదు. ఇంకా, ఇంకా అని నా లోపల ఎవరో పళ్లు కొరుకుతున్నారు. బడిలో పిల్లలు గట్టిగా మాట్లాడితేనే విసుక్కునే మనిషిని నేను. ఆ రోజు ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటే చేతులకు ఏమీ లేదు. నేను ఎవరినీ ముట్టుకోలేదు కదా.

"ఇదండీ, సిపాయిలది," అంటున్నాడు బంగారయ్య. రెండో డేరా. పొట్టిది, గుడ్డను నిలబెట్టే రెండు నిట్రాళ్లు, మధ్యన ఒక అడ్డకర్ర, గుడ్డ గోనెంత మందం. ఎత్తి చూశాను. ఎత్తగలను. ఇది చాలు అనబోయాను. సింహాద్రి చూరు కింద ఉన్న కడవ ఒంటిచేత్తో తెచ్చి గుడ్డ మీద ఒంపాడు, నీళ్లు పైన నిలవలేదు, గుడ్డ తాగేసింది. "ఇప్పుడెత్తండి," అన్నాడు. ఎత్తితే నడుము కలుక్కుమంది. బంగారయ్య నవ్వాడు. "పంతులుగారూ, చద్దన్నం తిని వచ్చేరా, తినకుండా వచ్చేరా?"

తడిగుడ్డ బరువు ఎంత ఉంటుందో అప్పుడు నా చేతులకు తెలిసింది. ఇంతకు నాలుగింతలు పెద్దది చిన్నబ్బాయి మీద పడింది. బతికిన ముగ్గురిలో ఒకడు, అప్పన్న, మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. మధ్య నిట్రాడు పెళ్లున విరిగిందట, విరిగి రెండో ముక్క ఈటెలా కిందికి వచ్చిందట, గుడ్డ వాళ్ల మొహాల మీద పడి ముక్కుకూ నోటికీ అంటుకుపోయిందట. ఊపిరి పీలిస్తే గుడ్డే లోపలికి వస్తుందట. చీకటి. ఎటు పాకినా గుడ్డే. చీల్చుదామంటే గోళ్లు లేచిపోయాయి. అప్పటికి ఏరు లంక మీదికి ఎక్కింది. గుడ్డ కింద మోకాలిలోతు నీళ్లు, మీద గాలి, ఒకడి కాలు ఒకడి మెడ మీద. చిన్నబ్బాయి ఎక్కడున్నాడ్రా అంటే, అరిచేడండీ, అన్నాడు. ఏమని అరిచాడని నేను అడగలేదు. కనకరత్నం తలుపు చాటున నిలబడి ఉంది.

కప్పు గుడ్డకు లోపలినుంచి వేలు తగలనివ్వకూడదట. వాన పడేటప్పుడు ఎక్కడ వేలు తగిలితే అక్కడినుంచి నీళ్లు కారతాయట, తగలకపోతే ఒక్క చుక్క రాదట. పనిలో చేరిన కొత్తలో ఇంటికి వచ్చి చిన్నబ్బాయే చెప్పాడు, ఏదో ఇంద్రజాలం చూసినవాడిలా. అన్నం ముందు కూర్చుని చేత్తో గుడ్డ ఆకారం చూపిస్తూ చెప్పాడు. వాడికి ఇరవయ్యారేళ్లు, నాకు ఇంకా ఇసుకలో అక్షరాలు దిద్దే పిల్లవాడే. అమ్మ పోయాక వాణ్ని నేనే పెంచాను. ఆ వేలు పట్టుకుని ఇసుకలో నొక్కి దిద్దించాను, వేలికొస కందిపోయేది. పదేళ్లప్పుడు దోనెను రేవులో వదులుగా కట్టి వచ్చాడు. రాత్రి వాన పడింది, పీచుతాడు తడిసి సాగింది, దోనె కొట్టుకుపోయింది. ఆ తాడుతోనే కొట్టాను. తడితాడు. వీపు మీద వాతలు లేచాయి, లేచినచోట మళ్లీ కొట్టాను. వానొస్తే తాడు బిగించాలని తెలీదా అని ఒక్కో దెబ్బకూ ఒక్కోసారి అడిగాను. వాడు ఏడవలేదు. తెలుసు అన్నయ్యా, తెలుసు అన్నయ్యా అన్నాడు. ఆ తర్వాత వాడు కట్టిన ముడి ఏదీ ఊడలేదు. గొడ్డును కట్టినా, వెదురుదడి కట్టినా రెండుసార్లు లాగి చూసేవాడు, లాగి నా వైపు చూసేవాడు.

ఎందుకు గుర్తొచ్చిందిది. తాళ్లు కళ్ల ముందున్నాయి కాబట్టి.

"ఇంకోటుందండి," అన్నాడు సింహాద్రి. బంగారయ్య, "అదా! అది డేరా ఏంటయ్యా, కొంగ రెక్క," అని ఎగతాళి చేశాడు. సింహాద్రి పట్టించుకోలేదు. కొట్టు లోపలికి వెళ్లి చంకలో ఒక చుట్ట పెట్టుకుని వచ్చాడు. చంకలో పట్టేంత చుట్ట. పాత పడవ తెరచాప గుడ్డ కోసి, తేనెమైనం కరిగించి పట్టించి, తనే కుట్టుకున్నాడట. పనుల మీద ఒంటరిగా పోవలసి వచ్చినప్పటికి. నా చేతికిచ్చాడు. పసిబిడ్డంత బరువు. దాని మీదా నీళ్లు పోశాడు, తామరాకు మీద పోసినట్టు జారిపోయాయి. "ఎత్తు తక్కువండి. లోపల నిలబడలేరు. కూకోవాలి, పడుకోవాలి. అందుకే గాలికి పడదు. ఇద్దరికి సరిపోద్ది, ఒకరికొకరం తగులుకుని పడుకోవాలంతే." బంగారయ్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ? ఒకే గుడ్డ కిందా?" అన్నాడు. అతను గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

ఇదే కావాలి నాకు. మనసులో వెంటనే అన్నీ అమరిపోయాయి. ఇతను నిద్రపోతాడు. పగలంతా తవ్వి ఒళ్లు తెలియకుండా నిద్రపోతాడు. నేను బయటికి వస్తాను. రెండు నిట్రాళ్లూ తన్నేస్తే గుడ్డ ఇతని మీద పడుతుంది, మైనం గుడ్డ, గాలి చొరదు. అంచుల మీద మోకాళ్లతో కూర్చుంటాను. ముక్కుకూ నోటికీ అంటుకుంటుంది. కింద మూతి ఆకారం తేలుతుంది, ఆ ఆకారం మీద మేకులు కొట్టే కొయ్యసుత్తితో కొడతాను. ఒంటిచెయ్యి ఎంతని పెనుగులాడుతుంది. ఎక్కడ కదిలితే అక్కడ కొడతాను. కదలడం ఆగాక కత్తి. తాడు కోసిన చెయ్యి ముందు. ఇవన్నీ అనుకుంటూ నేను ఆ గుడ్డ కుట్లు చూస్తున్నాను. కుట్టు సన్నగా, దగ్గరగా ఉంది. ప్రతి కుట్టు మీదా మైనం వేలితో రుద్దిన గుర్తు. ఎవరైనా చూస్తే గుడ్డ ఎంచుతున్నాననుకుంటారు.

"ఓసారి ఏసి సూడండి. అక్కడ నాకు ఈ సెయ్యి సాయం రాదు, మీరే ఎయ్యాలి," అన్నాడు. కొట్టు ముందు ఖాళీలో, ముసురులో వేశాము. నేను మేకులు కొట్టాను, అతను కాలితో చోటు చూపించాడు. సుత్తి నా చేతిలో ఉంది, అతను వంగి తాడు చూస్తున్నప్పుడు అతని మెడ నాకు ఒక బారలో ఉంది, చెవి వెనక ఇంకా పక్కుకట్టిన గాయం. ఇక్కడ కాదు. లంకలో. "ఇసకలో మేకు నిలవదండి. మట్ట మొదలు అడ్డంగా పాతి దానికి తాడు కట్టాలి. ఇది నాకు సెప్పింది మీ తమ్ముడేనండి," అన్నాడు. నేను విననట్టు తాడు లాగాను. నాలుగు మూలలకూ నాలుగు తాళ్లు. తెల్లటి నూలుతాళ్లు, వేలంత లావు. ఒక్కొక్కటీ లాగి బిగించి ముడి వేశాను. వేసి రెండుసార్లు లాగి చూశాను. గుడ్డ మద్దెల తోలులా నిలిచింది. బాగుంది. ఎంత గాలికైనా నిలుస్తుంది.

అప్పుడు వాన ముదిరింది. ముసురు కాదు, వానే. మేమిద్దరం పందిరి కిందికి రాలేదు, దగ్గరగా ఉన్నది డేరాయే, వంగి అందులో దూరాము. మోకాళ్లు మడుచుకుని పక్కపక్కన కూర్చున్నాము. అతని ఒంటి నుంచి పసుపు, ఆముదం వాసన. కప్పు మీద వాన చప్పుడు. ఒక్క చుక్క లోపలికి రాలేదు. కత్తి ఉన్న మూట నా ఒళ్లోనే. కొంతసేపటికి బయట ఏదో సన్నగా మూలిగినట్టు వినపడింది, తర్వాత టక్కుమని ఒక చప్పుడు. నిట్రాడు. నా వీపుకు ఆనుకున్న నిట్రాడు మెల్లగా వంగుతోంది.

"పంతులుగారూ, తాళ్లు వదులు సెయ్యండి," అన్నాడు సింహాద్రి. మామూలు గొంతుతోనే అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వాన పడుతుంటే వదులు చెయ్యమంటాడేమిటి. "బిగించాలి కదా," అన్నాను.

"పీచుతాడైతే బిగించాలండి. మన పీచు తడిస్తే సాగుద్ది. ఇది నూలు. తడిసిందంటే కురసయిపోద్ది, దానంతటదే లాక్కుంటది. మేకు మెత్తదైతే మేకు ఊడొస్తది. మేకు గట్టిదైతే నిట్రాడు ఇరుగుద్ది. వాన మొదలవగానే జానెడు వదలాలండి. డేరా పనిలో మొదటి రోజు సెప్పేది ఇదేనండి." నిట్రాడు మీద అరచెయ్యి ఆనించాడు. "చిన్నబ్బాయికీ సెప్పేను. ఆ రోజూ అరిసి సెప్పేను. ఇనలేదు. మా అన్నయ్య రాసేడు, గాలొస్తే బిగించమన్నాడు అని ఆకు సూపించేడు. నాకు సదువు రాదు కదండీ. నేను వదులు సేసిన తాళ్లే తను ఎనకాలే వచ్చి బిగించుకుంటా పోయేడు. కిందని మట్టమొదళ్లు పాతేడు కదా, అయ్యి ఊడి రాలేదు. నిట్రాడే పోయింది."

వాన చప్పుడు ఆగిపోయినట్టయింది. ఆగలేదు, నాకు వినపడలేదు. మూడు వరుసలు. వాటిలో అక్షరదోషం లేదు. బిగించి కట్టు. గాలి పెరిగేకొద్దీ ఇంకా బిగించు. ఇంకా అన్న మాట నేనే రాశాను, గంటం గట్టిగా నొక్కి రాశాను, ఆకు చిరుగుతుందేమో అనుకున్నాను రాసేటప్పుడు. వాడు తండేలు మాట విన్నాడు, నా రాత చూశాడు, ఆ రెండింట్లో నా రాత నమ్మాడు. వీపు మీద వాతలు నమ్మాడు. గాలిలో మోకాళ్ల మీద పాకుతూ ఒక్కొక్క ముడీ లాగి, రెండోసారీ లాగి, నా వైపు చూడటానికి నేను అక్కడ లేను. తెలుసు అన్నయ్యా. తెలుసు అన్నయ్యా. నిట్రాడు విరిగి ఈటెలా దిగింది. రేవులో గెడ దిగింది. ఇతనే అన్నాను. వేలు చూపించాను. ఆ వేలుతోనే వాడి వేలు పట్టుకుని దిద్దించాను. నా నోట్లో ఉప్పగా ఉంది, పెదవి కొరికినట్టున్నాను.

"ఆ రోజు ఈ మాట ఎందుకు చెప్పలేదు నువ్వు?" నా గొంతు బడిలో అడిగినట్టే వచ్చింది.

"సెప్పేలోగానే కొట్టేరు కదండీ."

"తర్వాత?"

"తర్వాత మెట్టు మీద మీ మొహం సూసేనండి. సెప్పబుద్ధి కాలేదు." అతను విరిగిన చేతిని కుడిచేత్తో కొంచెం పైకి సర్దుకున్నాడు. "కోసింది మాత్రం నేనేనండి. అది అబద్ధం కాదు. తాడు కొయ్యకపోతే నలుగురూ గుడ్డ కిందే పోయేవోరు. కోస్తే గుడ్డ ఎటు లేస్తదో నాకు తెలుసు. అతను ఆ కొసనే ఉన్నాడనీ తెలుసు. తెలిసే కోసేను. అందుకే దొర పొమ్మనకముందే నేను తవ్వడానికి వస్తానన్నాను."

నిట్రాడు మళ్లీ టక్కుమంది. "వదలండి పంతులుగారూ, ఇరిగిపోద్ది, మనకి ఉన్నదిదొక్కటే," అన్నాడు. నేను మూటతోనే బయటికి పాకాను. వాన కళ్లలో కొడుతోంది. మొదటి తాడు పట్టుకున్నాను, ఇనపకడ్డీలా ఉంది. ముడి రాయిలా బిగుసుకుపోయింది. గోళ్లతో లాగాను, ఒక గోరు లేచింది, రక్తం తెల్లతాడు మీద కారి వానకు పలచబడింది. అప్పన్న గుడ్డ కింద గోళ్లు లేచాయన్నాడు. చిన్నబ్బాయి గోళ్లు. ఇసుకలో ఇప్పుడు ఏ గోళ్లు మిగిలాయో. నేను మూట విప్పి కత్తి తీశాను. కొట్టేద్దాము, ఈ తాళ్లన్నీ, ఈ గుడ్డ, ఈ మెడ, ఎవరి మెడో. ఎత్తాను కూడా. సింహాద్రి డేరా నోట్లోంచి తల బయటికి పెట్టి చూస్తున్నాడు. కత్తి చూశాడు. కొత్తగా నూరిన అంచు చూశాడు. బడిపంతులు మూటలో అది ఎందుకున్నదో అతనికి తెలిసింది, తెలిసినట్టు అతని కళ్లలో నాకు కనిపించింది. తల లోపలికి తీసుకోలేదు.

"కొయ్యకండి," అన్నాడు. "కోసేస్తే లంకలో కట్టుకోటానికి తాడుండదు. ఆ మొన ముడిలోకి దూర్చి తిప్పండి. నిదానంగా. ఆయ్, అలాగే."

మొన దూర్చి తిప్పాను. ముడి కదిలింది. తాడు చేతిలో బుస్సుమని జానెడు జారింది. రెండోదీ వదిలాను. మూడోది. నాలుగోది. నిట్రాడు మెల్లగా నిటారయింది, గుడ్డ కొంచెం కుంగి వాన కింద సద్దుకుంది. బంగారయ్య కొట్టు గుమ్మంలోంచి, "పంతులుగారూ, ఏ డేరా అని రాసుకోనండీ?" అని అరిచాడు. చిన్నది అని చెప్పాను.

వాన తగ్గాక డేరా చుట్టాము. తడిగుడ్డ అలా చుట్టకూడదు, బూజు పడుతుంది, అక్కడికి వెళ్లగానే విప్పాలి అన్నాడు. బరువు పెరగలేదు. నేనే ఎత్తుకుంటానన్నాను. కత్తి అతనికిచ్చాను, తీసుకుని నడుముకు దోపుకున్నాడు. తవ్వడానికి కొట్టులో తీసుకున్న రెండు పారలూ నా రెండో భుజం మీద. కాలవగట్టు మీద ముందు నేను, వెనక అతను నడుస్తున్నాము. రేవు కనిపిస్తోంది. పడవ వచ్చి ఉంది. మెట్ల మీద జనం చేరారు, గొడుగు కింద సుబ్బరాజుగారు ఉన్నారు, ఆయన పక్కన కనకరత్నం చేతులు చీరకొంగులో దాచుకుని నిలబడి ఉంది. నా వెనక ఉన్నదెవరో చూసి వాళ్లు మాటలు ఆపేశారు. తాళ్లు బిగించమని రాసింది నేనని వాళ్లకు ఇంకా చెప్పలేదు.